ఉల్లిపాయకే మొద్దుబారిన కత్తి: చిత్తూరు తమ్ముడికి జవాబు

ఉత్తరం ఇదీ: "అన్నా, మాది చిత్తూరు, వయసు 24, బైకులు రిపేర్ చేస్తా ఉంటా. మా అమ్మకి నా చేత్తో ఒక కత్తి చేసి ఇయ్యాలని ఆశ. పోయిన నెల హార్డ్‌వేర్ షాపులో ఇనప పట్టీ కొనుక్కొచ్చి, గ్రైండర్‌తో కత్తి మాదిరి కోసి, గ్యాస్ స్టవ్ మీద కాల్చి నీళ్లలో ముంచినా. చూడ్డానికి సూపర్‌గా వచ్చింది గానీ రెండు ఉల్లిపాయలు కోసేసరికి మొద్దుబారిపోతా ఉంది. వీడియోల్లో చూపించినట్టే చేసినా, యాడ తప్పు జరిగింది? ఇప్పుడు లారీ కమాన్ కట్ట ముక్క ఒకటి దొరికింది, దాంతో చేయొచ్చా? కొలిమి లేదు, 4 అంగుళాల గ్రైండరూ డ్రిల్లింగ్ మిషనూ ఉన్నాయి. మిద్దె మీద చేసుకుందామని ఉన్నా. పిడికి ఎర్రచందనం వేస్తే అదిరిపోద్దని ఫ్రెండ్ అంటున్నాడు, నువ్వేమంటావ్?"

తమ్ముడూ, నీ చేతిపనిలో తప్పేం లేదు, తప్పంతా ఆ పట్టీలో ఉంది. హార్డ్‌వేర్ షాపులో పట్టీ అంటే వాళ్లిచ్చేది ఎంఎస్ ఫ్లాట్, అంటే మైల్డ్ స్టీల్, మెత్తటి రకం, కిటికీ గ్రిల్లుకి గేటుకి వెల్డింగ్ చేసేది, దాంట్లో కార్బన్ 0.2 శాతం అటూ ఇటూ ఉంటది. కత్తికి కనీసం 0.5, 0.6 ఉంటే గానీ పని జరగదు. ఎందుకంటే ఇనుము బాగా ఎర్రగా కాలినప్పుడు కార్బన్ దాంట్లో కరిగి కలిసిపోతుంది, అప్పుడు టక్కున చల్లారిస్తే బయటికొచ్చే టైం దొరక్క లోపల్నే ఇరుక్కుంటుంది, ఆ ఇరుకుడే గట్టిదనం అన్నమాట. ఇరుక్కోడానికి కార్బనే లేకపోతే నువ్వు నీళ్లలో ముంచినా పన్నీట్లో ముంచినా అది మెత్తగానే ఉంటది. దానికి తోడు ఇంటి గ్యాస్ స్టవ్ మీద అంత వేడి రాదు, ముక్కంతా ఒకే తీరుగా కాలదు. అంటే నువ్వు కాల్చలేనిదాన్ని కాల్చబోయి గట్టిపడనిదాన్ని గట్టి చేయబోయినావు, ఆ వీడియో వాడు ఏ ఇనుము వాడినాడో చెప్పుండడు, అంతే కత.

మనోళ్లకి ఈ సంగతి కొత్తేం కాదులే. మన దక్షిణాదిలో వెనకటికి ఉక్కు చేసేవాళ్లు మట్టి మూసలో ఇనుము ముక్కలతో పాటు కట్టె ముక్కలు, పచ్చాకులు పెట్టి, మూత మెత్తి, గంటలు గంటలు కాల్చేవాళ్లు. ఆ కట్టెలూ ఆకులూ దేనికంటే ఇనుములోకి కార్బన్ ఎక్కించడానికే, నీ పట్టీలో లేనిది అదే. మనోళ్ల ఉక్కు కొనడానికి పర్షియా నుంచి వ్యాపారులు వచ్చి నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో కూచునేవాళ్లు. నువ్వు మూసలు పెట్టక్కర్లేదు, కార్బన్ ముందే ఉన్న ఇనుము వెతుక్కుంటే చాలు, అది నీ చేతిలోనే ఉంది ఇప్పుడు.

ఉందో లేదో ఎట్ల తెలుసుకోవాలంటే గ్రైండర్‌తోనే. సాయంత్రం వెలుతురు తగ్గినాక ముందు నీ పాత ఎంఎస్ కత్తిని గ్రైండింగ్ వీల్‌కి లైట్‌గా ఆనించి చూడు, నిప్పురవ్వలు పొడూగ్గా గీతలు గీసినట్టు పోతాయి, చివర్లో పెద్దగా పగలవు. తర్వాత అదే వీల్‌కి కమాన్ కట్ట ఆనించు, రవ్వ కొంచెం దూరం పోయినాక చిట్టుక్కుమని పగిలి కొమ్మలు కొమ్మలుగా విచ్చుకుంటుంది, దీపావళికి పిలకాయలు కాల్చే కాకరపువ్వొత్తి మాదిరి. పాత ఆకురాయి ముక్క ఉంటే దాన్నీ చూడు, ఇంకా దగ్గర్లోనే ఇంకా ఎక్కువ పువ్వులు పూస్తాది, దాంట్లో కార్బన్ 1 శాతం చుట్టుపక్కల ఉంటది కాబట్టి. మూడూ పక్కపక్కన ఒక్కసారి చూసినావంటే ఇంక జన్మలో మర్చిపోవు, పాత ఇనుము కొట్టుకి పోయినా నిన్నెవడూ మోసం చేయలేడు. (చవక ఆకురాళ్లు కొన్ని పైపైన మాత్రమే గట్టి, లోపలంతా మెత్తన, అందుకని ఒకసారి కొంచెం లోతుగా అరగదీసి మళ్లీ చూడు.)

ఇంక కమాన్ కట్ట సంగతి. ఇనుము మంచిదే, 0.6 దగ్గర కార్బన్ ఉంటది, నూనెలో చల్లారిస్తే గట్టిపడతాది, మొదటిసారి చేసేవాడు చిన్న చిన్న తప్పులు చేసినా ఓర్చుకుంటాది. కానీ రెండు పేచీలు. ఒకటి, లారీది అంటే 10 మిల్లీమీటర్ల పైనే మందం ఉంటది, దాన్ని 4 అంగుళాల గ్రైండర్‌తో వంటగది కత్తి మందానికి దించాలంటే నెల పడతాది, నీకు విసుగొచ్చి మిషన్ విసిరేస్తావు. రెండు, విరిగిన బండి కట్ట అయితే కంటికి కనపడని సన్న చీలికలు ఉంటాయి, అవి ఇప్పుడు గమ్మున ఉండి నూనెలో ముంచినప్పుడు బయటపడతాయి. అందుకని విరిగిన చోటికి దూరంగా ఉన్న ముక్క తీసుకో, తీసుకోని కమ్మరాయన దగ్గరికి పో. చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో కొడవళ్లు, పారలు సాగదీసేవాళ్లు ఇంకా ఉన్నారు, వెతికితే దొరుకుతారు. 8 అంగుళాల పొడుగు, అంగుళంన్నర వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందానికి సాగగొట్టియ్యమను, అడిగినంత ఇయ్యి, బేరం ఆడొద్దు. పక్కన నిలబడి చూడు, ఆయన ఏ రంగు దగ్గర బయటికి తీస్తాడు, ఏ రంగు దగ్గర సమ్మెట ఆపి మళ్లీ నిప్పుల్లో పెడతాడు అనేది. ఆ అరగంటలో నేర్చుకునేది ఏ వీడియోలోనూ లేదు.

సాగగొట్టినాక ఆఖర్న ఇంకోసారి ఎర్రగా కాల్చి పొడి బూడిదలో పూడ్చి తెల్లారిందాకా వదిలేయమను. అట్ల నిదానంగా చల్లారితే ఇనుము మెత్తబడి ఆకురాయికి, డ్రిల్లుకి లొంగుతాది. ఇది చేయకుండా డ్రిల్లు పెట్టినావంటే బిట్లు వరసగా పోతాయి, నేను ఒక మధ్యాన్నం నాలుగు పోగొట్టుకున్నా. తెచ్చుకున్నాక పైన నల్లటి పొక్కు ఉంటది చూడు, ఆకురాయి దాని మీద జారిపోతా ఉంటది, దాన్ని రాత్రంతా వెనిగర్‌లో వేసి పెడితే పొద్దున్నే బ్రష్షుతో రుద్దితే వచ్చేస్తాది.

గ్రైండర్ పట్టుకునే ముందు ఆకారం అట్ట మీద గీసుకో. మందపాటి పెళ్లి పత్రిక అట్ట అయితే బాగుంటది, ఇంట్లో ఎట్లాగూ కట్టలు కట్టలు ఉంటాయి. కోసి మీ అమ్మ చేతిలో పెట్టు, ఉల్లిపాయ కోసినట్టు ఆడించి చూపమను. కూరగాయలు కోసేటప్పుడు వేళ్లు పలకకి తగలకుండా ఉండాలంటే అలుగు, అదే కోసే రేకు, వెడల్పు ఎంత ఉండాలి అనేది ఆమె చేయి చూస్తేనే తెలుస్తాది. ఎక్కువమంది ఫస్ట్ కత్తి అంటే సినిమాలో కత్తి మాదిరి పెద్దది, వంకరది, వీపున పళ్లున్నది గీస్తారు, అవి ఏం వద్దు. అలుగు 4 అంగుళాలు, పిడిలోకి పోయే భాగం 4 అంగుళాలు, వీపు తిన్నగా, అంతే. సాగగొట్టిన ముక్క 7 అంగుళాలే వస్తే అలుగు 3 చేసుకో, పిడి తగ్గించొద్దు, అరచేయి పట్టాలి కదా.

ఇప్పుడు నిజంగా భయపెట్టాలి నిన్ను కాసేపు. నీ చిన్న గ్రైండర్ నిమిషానికి 11 వేల చుట్లు దాకా తిరుగుతాది, ఆ స్పీడులో కటింగ్ డిస్క్ పగిలితే ముక్క ఎటు పోతాదో దేవుడికే తెలియాలి. గార్డు తీసేసి వాడేవాళ్లని రోజూ చూస్తా ఉంటా, మా వర్క్‌షాప్‌లో అట్ల తీసిన కుర్రోడికి డిస్క్ ముక్క నుదుటి మీద కంటికి అరంగుళం పైన తగిలింది, ఏడు కుట్లు. గార్డు తీయొద్దు, కళ్లద్దాలు పక్కలు కూడా మూసుండేవి పెట్టుకో, సన్న డిస్క్ కోయడానికే, దాన్ని పక్కకి ఆనించి అరగదీయొద్దు, డిస్క్ నడిమి రింగు మీద తేదీ ఉంటది అది దాటిపోయింది వాడొద్దు. లుంగీ కట్టుకోని గ్రైండర్ పట్టుకోవద్దు, నేను ఒకసారి పట్టుకున్నా, అంచు చుట్టుకోని మిషన్ తొడ మీదికి ఎగబాకింది, స్విచ్ మీద వేలు ఉండబట్టి ఇప్పుడు నీకు జవాబు రాస్తా ఉన్నా. డ్రిల్లింగ్ మిషన్ దగ్గర గ్లౌజులు వద్దు, గుడ్డ చుట్టుకుంటే చేయి కూడా పోతాది, చిన్న ముక్కని చేత్తో పట్టుకోని బెజ్జం వేయొద్దు, బిగించి వేయి. దుమ్ముకి ఎన్95 మాస్క్, ఊరికే కర్చీఫ్ చాలదు.

మిద్దె మీద చేసుకోవచ్చు, కానీ పక్కింటోళ్ల బట్టలు ఆరేసిన తీగ కింద కాదు, నీళ్ల ట్యాంకు పైపులు ప్లాస్టిక్‌వి అయితే రవ్వలు అటు పోకుండా చూసుకో. ఆదివారం పొద్దున ఆరు గంటలకి మొదలుపెట్టొద్దు, ఇది మాత్రం నేను పడిన తిట్ల అనుభవంతో చెప్తా ఉన్నా.

గ్రైండర్‌తో ఆకారం వరకే కోసుకో, గీత దాకా పోకుండా ఒక మిల్లీమీటర్ వదిలేయి. మిగిలింది ఆకురాయితోనే చేయమంటా. నవ్వుకుంటావేమో గానీ గ్రైండర్ అయితే ఒక్క క్షణం చేయి వణికితే గుంట పడిపోతాది, పడిన గుంటని తీయడానికి చుట్టూ ఉన్నదంతా అరగదీయాలి. ఆకురాయి నిదానం, నువ్వు పొరపాటు చేయాలన్నా టైం పట్టిద్ది. పట్టుకునే పద్ధతి చెప్తా విను: ముక్కని చెక్క మీద పెట్టి రెండు క్లాంపులు బిగించు, నడుం ఎత్తులో ఉండాలి, ఆకురాయి రెండు చేతుల్తో పట్టి ముందుకి తోసేటప్పుడే బరువు పెట్టు, వెనక్కి లాగేటప్పుడు ఎత్తేయి, లాగేటప్పుడు కూడా రుద్దితే పళ్లు మొండి అవుతాయి. ఇనప పొడి పళ్ల మధ్య ఇరుక్కోని గీరలు పెడతా ఉంటది, అందుకని మధ్య మధ్యలో బడి సుద్దముక్కతో ఆకురాయిని రుద్దు, పొడి అంటుకోదు. పని సరిగ్గా పడతా ఉంటే శబ్దం ఒకే తీరుగా బరబరమని వస్తాది, కీచుమని వస్తే పట్టట్లేదని లెక్క.

అంచు రెండు వైపులా సమంగా దిగాలి, దానికి అంచు మీద మార్కర్‌తో రంగు పూసి, నడిమిన ఒక గీత గీసుకో, రెండు వైపుల్నుంచి ఆ గీత దగ్గరికి వచ్చి ఆగిపో. ఇక్కడ పదును తీసేయొద్దు. అంచు ఇంకా 1 మిల్లీమీటర్ మందం ఉండగానే ఆపు, ఇంకా సన్నం చేస్తే కాల్చేటప్పుడు ఆ అంచు ముందే మాడిపోతాది, లేకపోతే నూనెలో అల మాదిరి వంకర తిరుగుతాది. పిడి బెజ్జాలు కూడా ఇప్పుడే వేసుకోవాలి, కాల్చినాక డ్రిల్లు దిగదు. గీరలు ఇసక కాగితంతో బాగా తీసేయి, అంచుకి అడ్డంగా ఉన్న లోతు గీర చీలికకి మొదలు.

ఇప్పుడు అసలు పని. ఇంతవరకు ఏం చెడిపోయినా సరిచేసుకోవచ్చు, పిడి బాగలేకపోతే ఊడదీసి ఇంకోటి వేయొచ్చు, కాల్పు చెడితే మాత్రం ఉన్నదంతా సున్నా. నా ఫస్ట్ కత్తి కత చెప్తా. నేను ఐటీఐ ఫిట్టర్ చదివే రోజులు, కమాన్ కట్టే, పది రోజులు రుద్ది రుద్ది అద్దం మాదిరి చేసినా, మా ఊరి కొలిమిలో ఎర్రగా కాల్చి, తొందర కదా, పక్కనున్న నీళ్ల తొట్లో దించేసినా. టింగ్ మని వినపడీ వినపడనట్టు ఒక శబ్దం. బయటికి తీస్తే బాగానే ఉంది, సంతోషంగా తుడుస్తా ఉంటే గుడ్డకి వెంట్రుక మాదిరి ఏదో తగిలింది, చూస్తే అంచు నుంచి వీపు దాకా చీలిక. కొలిమాయన చూసి ఏం అనలా, తీసుకోని పాత ఇనుములో పడేసినాడు. కమాన్ కట్ట ఇనుముకి నీళ్లు మరీ తొందర, నూనె కావాలి.

మన దగ్గర శెనిక్కాయ నూనెకి కొదవేముంది, అదే వాడు. ఒక మూడు లీటర్లు, కత్తి నిలువుగా మునిగేంత లోతు ఇనప డబ్బాలో, ప్లాస్టిక్ బకెట్ పనికిరాదు. నూనెని ముందు 50, 60 డిగ్రీలకి వేడి చేసుకో, వేలు పెడితే చురుక్కుమనేంత, వేడి నూనె పల్చగా ఉండి ఇంకా వేగంగా చల్లారుస్తాది, వినడానికి తిరకాసుగా ఉన్నా నిజం. బండ్లోంచి దింపిన పాత ఇంజిన్ ఆయిల్ మీ షెడ్డులో ఊరికే దొరుకుతాది కదా అని అది వాడొద్దు, ఆ పొగ ఛాతీకి మంచిది కాదు. డబ్బాకి సరిపోయే ఇనప మూత పక్కన పెట్టుకో, ఇసక బకెట్ పెట్టుకో. నూనె అంటుకుంటే మూత వేయాలి, నీళ్లు పోస్తే ఇల్లు కాలిపోతాది.

కాల్చడానికి కొలిమి లేదన్నావు, నా సలహా అయితే మళ్లీ ఆ కమ్మరాయన దగ్గరికే పో, నూనె డబ్బా నువ్వే మోసుకుపో, ఆయన నీళ్లలో ముంచుతానంటే మర్యాదగా వద్దని చెప్పు, "ఇది నూనె ఇనుమంట మామా, ఒకసారి చూద్దాం" అని. ఇంట్లోనే చేస్తానంటే పెరట్లో నేల మీద గుంట తవ్వి, బొగ్గులు పోసి, పక్క నుంచి ఇనప పైపు పెట్టి చిన్న బ్లోయర్‌తో గాలి ఊదొచ్చు. నిప్పుల్లో ఉండే పైపు జీఐది కాకూడదు, దాని మీద పూత జింకు, అది కాలిన పొగ పీల్చితే రాత్రికి చలిజ్వరం వచ్చి పడుకుంటావు. మిద్దె మీద మాత్రం నిప్పులు వద్దు, స్లాబు కాంక్రీటు వేడికి పెటిల్లున ఎగిరి లేస్తాది.

టైం సందకాడ పెట్టుకో, ఎండలో రంగు తెలీదు. స్పీకర్‌లోంచి తీసిన అయస్కాంతం ఒకటి కమ్మీకి కట్టి దగ్గర పెట్టుకో. కత్తిని నిప్పుల్లో ముందుకీ వెనక్కీ ఆడిస్తా ఉండు, మొన సన్నం కాబట్టి ముందే కాలిపోతాది, దాన్ని కొంచెం బయటికి ఉంచి పిడి వైపు ఎక్కువ కాలనియ్యి. మధ్య మధ్యలో తీసి అయస్కాంతానికి ఆనించి చూడు. 770 డిగ్రీల దగ్గరికి రాగానే ఇనుము అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తాది, ఫస్ట్ టైం చూస్తే ఒళ్లు జలదరిస్తాది, అప్పటిదాకా టప్పుమని పట్టేసుకునేది ఒక్కసారిగా రాయిని తాకినట్టు ఊరికే ఉండిపోతాది. కమాన్ కట్టకి అది చాలదు, 830 దాకా పోవాలి, అంటే అంటుకోవడం మానేసినాక రంగు ఇంకొంచెం వెలుగొచ్చేదాకా, ముదురు ఎరుపు పోయి పండిన టమోటా మీద లైటు పడినట్టు వచ్చేదాకా కాల్చు. పసుపు దిరిగిందంటే ఎక్కువైపోయింది. మొదటి మూడుసార్లు ఆ రంగు రాగానే బయటికి తీసి గాలికే చల్లారనియ్యి, నల్లబడేదాకా, ఇట్ల చేస్తే సాగగొట్టినప్పుడు లోపల చేరిన బిగువంతా పోతాది. నాలుగోసారి తీసి, ఆలోచించకుండా, మొన కిందికి పెట్టి నిలువుగా నూనెలోకి దించేయి. పక్కలకి ఊపొద్దు, వంకరపోతాది, పైకీ కిందికీ కావాలంటే ఆడించు. పొగ వస్తాది, నూనె మీద మంట కూడా లేవొచ్చు, తలకాయ వెనక్కి పెట్టు, పట్టుకారు పొడుగుది వాడు. పది పదిహేను సెకన్లు లెక్కపెట్టుకోని తీసి వంకర ఉందేమో కంటితో చూడు, ఇంకా వేడిగా ఉండగానే రెండు చెక్కల మధ్య నొక్కితే తిన్నగా వస్తాది, పూర్తిగా చల్లారినాక నొక్కితే రెండు ముక్కలు.

చల్లారినాక పాత ఆకురాయితో అంచు మీద లైట్‌గా గీకు. గాజు మీద గీకినట్టు జారిపోతే గట్టిపడినట్టు, కొరికితే గట్టిపడలేదు, ఇంకోసారి కాల్చు. కాకపోతే గట్టిపడిన ఆ క్షణంలో అది కత్తి కాదు, ఇనప రంగులో ఉన్న గాజు, కింద పడితే పగిలిపోతాది. అందుకని అదే రోజు రాత్రి టెంపరింగ్ చేయాలి, అంటే తక్కువ వేడి మీద కాచి ఆ పెళుసుదనం తగ్గించాలి, రేపు చూద్దాం అనొద్దు.

ఇంట్లో కేకులు చేసే ఓటీజీ ఉంటే 200 డిగ్రీల దగ్గర 2 గంటలు, చల్లారినాక మళ్లీ 2 గంటలు. ముందు సబ్బుతో కడిగి నూనె జిడ్డు పోగొట్టు, లేకపోతే ఆ తర్వాత నెల రోజులు బిస్కెట్లన్నీ అదే వాసన. ఓటీజీ లేదు కుక్కర్లో పెట్టొచ్చా అని అడిగేవాళ్లు ఉన్నారు, కుక్కర్ 120 డిగ్రీలు దాటదు కాబట్టి ఏం జరగదు. దానికి బదులు ఇంకో దారి ఉంది, బస్టాండ్ దగ్గర శెనిక్కాయలు వేయించేవాళ్లు చూడు, పెద్ద మూకుట్లో ఇసక పోసి కింద మంట పెడతారు, అదే. అలుగుని ఇసక కాగితంతో తెల్లగా మెరిసేలా చేసి, వేడి ఇసక మీద వీపు కిందికి అంచు పైకి ఉండేలా పెట్టి, కన్నార్పకుండా చూడు. ముందు ఏమీ ఉండదు, ఏమీ ఉండదు, అంతలో వీపు దగ్గర్నుంచి లేత పసుపు రంగు పాకతా వస్తాది, వరిగడ్డి రంగు. ఆ పసుపు అంచుకి చేరగానే తీసేయి, అప్పటికి వీపు గోధుమ రంగో ఊదా రంగో అయుంటది, అది మంచిదే, వీపు కొంచెం మెత్తగా ఉంటే కత్తి విరగదు. అంచు నీలం దిరిగిందంటే 300 డిగ్రీలు వచ్చేసినట్టు, మెత్తబడిపోయింది, మళ్లీ మొదట్నుంచీ కాల్చుకోవాల. ఈ రంగు గుర్తుపెట్టుకో, ఆ తర్వాత గ్రైండర్‌తో అంచు ముట్టుకున్నప్పుడు నీలం మచ్చ కనపడితే ఆ మచ్చంత మేర పదును పోయినట్టే, అందుకని కాల్చినాక గ్రైండర్ దూరంగా పెట్టి, నీళ్లలో తడుపుతా ఇసక కాగితంతోనే దించు.

పిడికి వద్దాం. నీ ఫ్రెండ్‌కి చెప్పు, ఎర్రచందనం మాట ఫోన్లో కూడా ఎత్తొద్దని. శేషాచలం పక్కన పుట్టి పెరిగి ఆ చెట్టు సంగతి తెలీదా, బిల్లు లేని ముక్క అరచేతిలో పట్టేంత ఉన్నా కేసే, మీ అమ్మకి కత్తి ఇయ్యబోయి కోర్టు చుట్టూ తిప్పుతావు. ఏం తక్కువ మనకి, నల్లతుమ్మ చేవ ఉంది, పారలకి గొడ్డళ్లకి తరతరాలుగా వేసేది అదే, చింత చేవ ఉంది, ముదురు ఊదా గీతలతో ఎర్రచందనానికేం తీసిపోదు. టింబర్ డిపోలో మూల పడి ఉంటాయి ముక్కలు, బాగా ఆరింది తీసుకో, పచ్చిది అయితే రెండు నెలల్లో బిగువు వదిలిపోతాది. రెండు పలకలు, అరాల్డైట్, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఇత్తడి కడ్డీ పిన్నులు రెండు, ఒకరోజంతా బిగించి వదిలేయి. అతికించేటప్పుడూ రుద్దేటప్పుడూ అలుగుకి మందంగా టేపు చుట్టు, ఎక్కువమంది చేయి కోసుకునేది పదును పెట్టేటప్పుడు కాదు, పిడి రుద్దేటప్పుడే. చివర్న అవిసె నూనె రెండు మూడు పూతలు. ఆ నూనె తుడిచిన గుడ్డ ఉండ చుట్టి మూల పడేయొద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే గుణం ఉంది దానికి, పరిచి ఆరేయి.

పదును పెట్టడం గురించి పెద్దగా చెప్పను, 400 నంబరు సానరాయి మీద రెండు వైపులా మొరుగు, అంటే అవతలికి మడుచుకున్న సన్న గరుకు అంచు, వేలికి తగిలేదాకా, తర్వాత 1000 మీద అది పోయేదాకా, ఆఖరికి పాత తోలు బెల్టు మీద పదిసార్లు వెనక్కి లాగడం. వంపు 15, 20 డిగ్రీల మధ్య పట్టుకో, తగ్గీ పెరిగీ కాకుండా ఉండడమే ముఖ్యం.

ఇచ్చే ముందు మీ అమ్మకి ఒక మాట చెప్పి ఇయ్యి. ఇది స్టెయిన్‌లెస్ స్టీలు కత్తి కాదు, తుప్పు పడతాది, సింకులో వదిలేస్తే తెల్లారేసరికి ఎర్రమచ్చలు. మామిడికాయల సీజన్‌లో అయితే పులుపుకి మొదటి కాయతోనే అలుగు నల్లబడిపోతాది, కాయకి కూడా కొంచెం నలుపు అంటుకుంటాది, ఆమె కంగారుపడి పీచుతో తోమేస్తాది, తోమొద్దను. ఆ బూడిద నలుపు పేరుకుంటే తర్వాత తుప్పు తగ్గుతాది. కోసినాక కడిగి, తుడిచి, కొబ్బరినూనె ఒక చుక్క. ఆవకాయకి కాయలు కొట్టడానికి మాత్రం ఇది ఇయ్యొద్దు, టెంక మీద పడితే అంచు చిట్లిపోతాది, దానికి కత్తిపీటే కరెక్టు.

చట్టం గురించి అడగలేదు గానీ చెప్తా. వంటకి, వ్యవసాయానికి చేసినవి వేరే, ఆయుధం మాదిరి ఉండి అలుగు 9 అంగుళాల పొడుగో 2 అంగుళాల వెడల్పో దాటితే ఆయుధాల రూల్స్ కిందికి వస్తాది. నీది 4 అంగుళాల కూరగాయల కత్తి, బాధ లేదు, అయినా సంచీలో వేసుకోని తిరగొద్దు. కత్తి పూర్తయిన సంతోషంలో స్వామికి చూపిద్దామని కొండకి బయల్దేరేవు, అలిపిరి చెకింగ్ దగ్గర నీ చేతిపని గురించి వాళ్లకి వివరించే ఓపిక నీకుంటాదేమో గానీ వెనకాల క్యూకి ఉండదు.

దాగలి, అదే ఇనుము పెట్టి కొట్టే దిమ్మె, దాని కోసం రైలుపట్టా ముక్క వెతుకుతావు నువ్వు రేపో ఎల్లుండో, అందరూ వెతుకుతారు. బిల్లు లేకుండా ఎవడన్నా తక్కువకి ఇస్తానంటే వద్దను, రైల్వే సొత్తు దగ్గర పెట్టుకుంటే 1966 నుంచీ దానికే ప్రత్యేకంగా ఒక చట్టం ఉంది. పాత ఇనుము కొట్లో మందపాటి దిమ్మె ఏదైనా చాలు నీ పనికి.

ఆ మూడు లీటర్ల నూనె పారేయొద్దు, వడగట్టి డబ్బాలో పోసి పెట్టుకుంటే ఇంకో పది కత్తులకి వస్తాది. డబ్బా మీద పెద్దక్షరాలతో వంటకి కాదు అని రాయి, మా ఇంట్లో రాయలేదు, ఒక వానాకాలం సాయంత్రం మిరపకాయ బజ్జీలు ఇనుము వాసన కొట్టినాయి. కాల్పు అయినాక ఆకురాయి జారిందా కొరికిందా అన్నది రాసి పంపు, కొరికితే ఏ రంగు దగ్గర ముంచినావో అది కూడా. ఫొటో పంపేటట్టయితే పిడిది వద్దు, బాగా పండిన టమోటాని నొక్కకుండా సన్నగా కోసి ఆ ముక్కల ఫొటో పంపు.